బిరడా లేని సీసాలు

పలమనేరు,
జూన్, ఆదివారం

అక్కా,

నీ స్కూలు అడ్రసుకే రాస్తా ఉండాను, భయపడొద్దు. ఫోన్ చేస్తే పక్కనే మీ అత్త భారతమ్మ ఉంటాది. నేను వైన్ అనే మాట అంటానే నువ్వు "ఆఁ, మామిడికాయలు బాగుండాయా?" అని తిప్పేస్తావు. పోయిన వారం అట్లే చానాసేపు మామిడికాయల గురించి మాట్లాడుకున్నాము. నాకు నవ్వూ వచ్చింది, మనసుకు కష్టమూ అయింది. అందుకే కాగితం పట్టినాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత రాయడం ఇదే.

సంగతేమంటే, మా వైన్ కంపెనీలో నాకు మంచి పని ఇచ్చినారు. ఇన్నాళ్లూ సీసాలు కడిగే కాడ ఉన్నానా, ఇప్పుడు మూతలేసే మిషను నా చేతికి వచ్చింది. మా ఓనరు జ్ఞానాంబ మేడం ఈ ఏడు నుంచి బిరడాలు మాన్పించి రేకు మూతలు పెట్టిస్తా ఉండాది. బిరడా అంటే ఒక చెట్టు బెరడుతో చేస్తారు, సీసా గొంతులోకి దిగ్గొడతారు. ఆ చెట్టు మన దేశంలో లేదు, సముద్రాల అవతల నుంచి రావల్ల. వచ్చినవాటిలో కొన్ని చెడినవి ఉంటాయి. ఆ సీసా తెరిస్తే వానకు తడిసిన గోనెసంచి వాసన. తాగేవాడికి బిరడా చెడిందని తెలీదు, మా సరుకే చెడ్డదనుకుంటాడు. రేకు మూతకు ఆ బాధ లేదు. తిప్పితే వస్తాది, తిప్పితే పోతాది.

గాని ఈ మాట ఎవురూ వినరు. మొన్న మా మేనేజరు మోహన్‌కృష్ణ సారుతో తిరుపతికి పోయినాను, ఒక పెద్ద హోటల్లో సరుకు చూపించడానికి. ఆడ బారు చూసుకునే ఆయన సీసాను చేత్తో కూడా ముట్టుకోలే. "సార్, బిరడా లాగితే టప్పుమనాల. పక్క టేబులు వాళ్లు తిరిగి సూడాల. దగ్గుమందు మాదిరి తిప్పి పోస్తే ఆ రేటు ఎవురు కడతారు?" అన్నాడు. మోహన్‌కృష్ణ సారు మొహం మాడిపోయింది. నాకైతే నవ్వొచ్చింది. మూతను చూసి మర్యాద ఇచ్చే మనుషులు ఉండారని ఆ పొద్దే తెలిసింది.

మునిరామయ్య మామతో నా పెండ్లి సంగతి ఎత్తినావని అమ్మ చెప్పింది. ఆయన కూతురు సుజనను పోయిన క్రిస్మస్‌కు చూసినాను, పిల్లకాయల చేత పాట పాడిస్తా ఉన్నింది. నాకు ఇష్టమే. గాని వాళ్లతో నేను జ్యూస్ ఫ్యాక్టరీలో చేస్తానని చెప్పినావంట. ద్రాక్షరసమే గాబట్టి అబద్ధం కాదులే అని నువ్వు అనుకుంటావేమో. నేను అట్లా అనుకోలేకపోతా ఉండాను. ఒకసారి ఆలోచించు.

నీ తమ్ముడు
విజయ్ కుమార్

*

పుత్తూరు,
జులై

ప్రియమైన తమ్ముడు విజయ్‌కి,

ప్రభువు నామమున వందనములు. మేమందరము క్షేమము. అమ్మ, నువ్వు క్షేమమని తలుస్తాను.

నీకు మంచి పని ఇచ్చినందుకు సంతోషం. కానీ ఉత్తరం కవరు మీద కంపెనీ ముద్ర ఎందుకు వేశావు? స్టాఫ్ రూములో అందరి ముందూ నా చేతికిచ్చారు. ద్రాక్షగుత్తి బొమ్మ చూసి మా తెలుగు టీచరు "ఎవరమ్మా, పళ్ల వ్యాపారమా?" అంది. అవునన్నాను. ఇకమీదట మామూలు కవరు వాడు.

మూతల సంగతి నువ్వు నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు. నాయన చొక్కా లోపలి నుంచి క్వార్టర్ సీసా తీసి మెడ తిప్పితే రేకు తెగే చప్పుడు నీకు గుర్తుందో లేదో. నువ్వు చిన్నవాడివి. మనం గోడవారన లాంతరు పెట్టుకొని చదువుకుంటుంటే ఆ చప్పుడు వినిపించేది. అమ్మ గబగబా మనకు అన్నం పెట్టేసి, పుస్తకాలు తీసి దాచేసేది. నాయన బస్టాండులో పడిపోతే మోసుకొచ్చింది మన సంఘం వాళ్లే. మునిరామయ్య మామ ఒక కాలు పట్టుకున్నాడు. అమ్మా నువ్వూ పలమనేరు వెళ్లిపోయారు గానీ, ఈ ఊళ్లో ఇప్పటికీ నేను టీచరు రూతును కాదు, కుప్పయ్య కూతుర్ని. అట్లా నాయనను మోసిన మామ దగ్గర పిల్లను అడుగుతూ, మా తమ్ముడు వైన్ కంపెనీలో చేస్తాడని నేను ఏ నోటితో చెప్పేది? నువ్వే చెప్పు.

ఇంకొక విషయం. అక్టోబరులో మన మందిరానికి యాభై ఏళ్లు నిండుతాయి. ఎప్పుడూ ప్రభురాత్రి భోజనంలో రొట్టెతో పాటు పంచడానికి మా అత్త నల్లద్రాక్ష ఉడికించి పిండిన రసమే వాడతారు. ఈసారి అసలైన ద్రాక్షారసం పెట్టాలని పాస్టరుగారు అన్నారు. మునిరామయ్య మామ లేచి "బిరడా సీసాలు తేవల్ల, అవే మర్యాద. నేను చెన్నైలో ఒక దొరగారి ఇంట్లో చూసినా" అన్నాడు. ఎవరు తెస్తారని అడిగితే, మా తమ్ముడు బెంగళూరు పోతుంటాడు, తెస్తాడని నేను అనేశాను. ఎందుకన్నానో తెలియదు. మామ నా వైపు తిరిగి నవ్వాడు. ఆయన నన్ను చూసి అట్లా నవ్వడం ఇదే మొదటిసారి.

బిరడావి నాలుగైదు సీసాలు తే. బెంగళూరు షాపులో కొన్నానని చెప్పు. ఇంతకంటే నిన్నేమీ అడగను.

నీ అక్క
రూతు

*

పలమనేరు,
ఆగస్టు

అక్కా,

నాకు గుర్తుండాది. చిన్నోడినని నువ్వు అనుకుంటావు గాని ఆ చప్పుడు నాకు బాగా గుర్తుండాది. మిషను కాడ మొదటి దినం ఏమైందో నీకు రాయలేదు. మూతలు బిగించినాక నడమ నడమ ఒకదాన్ని తెరిచి చూడల్ల, పట్టు సరిగ్గా ఉండాదా లేదా అని. తెరువు అన్నారు. తెరిచినాను. అదే చప్పుడు. నేను బయటికి పోయి కొళాయి కాడ మొహం కడుక్కోని, మళ్లా లోపలికి వచ్చినాను. రెండోది తెరిచినాను. అట్లా రోజూ వినగా వినగా ఇప్పుడు అది మిషను చప్పుడే. నాయన ఆ చప్పుట్లో లేడు. నాకు ఎంత తేలికైందో నీకు ఎట్లా చెప్పేది? నువ్వు కూడా ఒకసారి వచ్చి మిషను కాడ నిలబడితే బాగుణ్ణని అనిపిస్తాది.

నేను చుక్క ముట్టనని నీకు తెలుసు. రుచి చూసే పని వేరేవాళ్లది.

మందిరం సంగతి మేడంతో చెప్పినాను. ఎంత సంతోషపడిందో. "దేవుని బల్ల మీదికి మన సీసానా విజయ్!" అని ఒక పెట్టె నిండా ఇచ్చింది, పైసా తీసుకోలే. అయితే అన్నీ రేకు మూతవే. బిరడావి కొన్ని ఉండాయి గాని అవి చానా ఏండ్లు నేలమాళిగలో పడుకోబెట్టేవి, అమ్మరు. వాటికి బిరడానే మంచిదంటాది మేడం. నేను రేకు మూతకు వకీలును కాదు. దేనికది.

షాపులో కొన్నానని చెప్పమంటావు. నా చేత్తో మూతేసిన సీసా మన మందిరంలోకి పోతా ఉంటే, ఎవుడి షాపులోనో కొన్నానని చెప్పల్లా? ఆ పొద్దు నేనే వచ్చి మునిరామయ్య మామతో ఉన్నదున్నట్టు చెప్తాను. ఆయన తిట్టినా సరే. సుజనకు కూడా తెలియల్ల గదా, ఎవురిని చేసుకుంటా ఉండాదో.

విజయ్

*

పుత్తూరు,
సెప్టెంబరు

విజయ్,

రేకు మూతవి తేవద్దు. స్పష్టంగా రాస్తున్నాను. ఆ మూత చూస్తే ఈ ఊళ్లో ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే. అది ఎంత మంచిదో, ఎంత శుభ్రమో నువ్వు వివరించేలోపే వాళ్లు నవ్వేస్తారు. బిరడావి దొరక్కపోతే ఖాళీ చేతులతో రా. నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను. కావాలంటే మామిడితాండ్ర తే, నమ్మకంగా ఉంటుంది.

కంపెనీ పేరుండే చొక్కా వేసుకోవద్దు.

మామతో నువ్వేమీ చెప్పొద్దు. పెళ్లయ్యేదాకా ఓర్చుకో. అయ్యాక నీ ఇష్టం. నేను నీ మంచికే చెప్తున్నాను.

రూతు

*

పుత్తూరు,
అక్టోబరు

తమ్ముడూ,

ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు నువ్వు. ఎత్తుంటే ఏం మాట్లాడేదో నాకూ తెలియదు.

ఆ పొద్దు నువ్వు చూసింది నువ్వు చూసినావు. నా పక్కనుంచి ఎట్లా జరిగిందో రాస్తాను. మొదట సాకులు రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు చించేసినాను.

నువ్వు పెట్టె భుజం మీద పెట్టుకోని మందిరం పక్కగదిలోకి వస్తా ఉంటే చూసినాను. కంపెనీ చొక్కానే. ఉతికి, ఇస్త్రీ చేసి, జేబు మీద ద్రాక్షగుత్తి. నేను గోడవారకు జరిగినాను. నువ్వు మాత్రం పెళ్లికొడుకు మాదిరి నవ్వుతా ఉన్నావు. మా అత్త, పాస్టరమ్మగారు, ఇంకో నలుగురు పెద్దలు ఉన్నారు. వాకిట్లో సుజన చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకోని నిలబడి ఉంది.

మునిరామయ్య మామ పెట్టె విప్పి ఒక సీసా తీసినాడు. మెడ చూసినాడు. "ఏందబ్బా ఇది? తిప్పేదా?" అని తిప్పినాడు. ఆ చప్పుడు. గదిలో అందరూ ఒక్కసారి తిరిగి చూసినారు. ఎవరో "మునిరామయ్యన్నా, సోడా యాడ?" అన్నారు. నవ్వులు. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను విజయ్. నువ్వు గమనించినావో లేదో. నా నోరు దానంతటదే నవ్వింది.

మామకు నవ్వు రాలేదు. "బ్రాందీ షాపు సరుకు దేవుని బల్ల మీదికి తెచ్చినావా?" అన్నాడు. నువ్వు నిదానంగా "లేదు మామా, ఇది మా కంపెనీదే. మూతేసింది నేనే" అన్నావు. అప్పుడు ఆయన నా వైపు తిరిగినాడు. "ఏమ్మా రూతూ, మీ తమ్ముడు జ్యూస్ ఫ్యాక్టరీ అన్నావు గదా? ఏది నిజం?"

అంతే. ఒక్క మాట చెప్పాల్సి ఉన్నింది. మా అత్త నన్నే చూస్తా ఉంది. నాకు ఆ గదిలో నాయన కనపడినాడు, బస్టాండు నుంచి నలుగురు మోసుకొస్తా ఉంటే తల వేలాడేసుకొని. నేను "జ్యూస్ ఫ్యాక్టరీనే మామా. ఈ సీసాలు యాడ నుంచి తెచ్చినాడో నాకు తెలీదు" అన్నాను.

నువ్వు నన్ను చూసినావు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. నువ్వు మామతో "అక్కకు తెలీదు మామా. తప్పు నాదే" అని, తెరిచిన సీసాకు మళ్లా మూత పెట్టి, పెట్టె ఎత్తుకోని వెళ్లిపోయినావు. భోజనాలు చేసి పొమ్మని కూడా నేను అనలేదు.

ఆ తర్వాత ఏమైందో నీకు తెలియాల. మామ ముందుజాగ్రత్తగా చెన్నై నుంచి బిరడా సీసాలు రెండు తెప్పించి పెట్టుకొని ఉన్నాడు. అవి తీసే సాధనం ఎవరి దగ్గరా లేదు. మైకు సెట్టు వాళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చినారు. పొడిస్తే బిరడా పొడిపొడి అయింది. చివరికి లోపలికి తోసేసి, పాస్టరమ్మగారి కొత్త తువ్వాలుతో వడపోసినారు. అయినా నా గ్లాసులో బెరడు ముక్క వచ్చింది. నాలుక మీద పడింది. ఉమ్మడానికి లేదు. మింగేసినాను. అందరికీ వచ్చినాయి ముక్కలు. అందరూ మింగినారు. మా అత్త అయితే "అసలైనదంటే ఇట్లే ఉంటాదేమో" అని కళ్లు మూసుకుంది.

నా తమ్ముడు మూతేసిన సీసాను నేనే వెళ్లగొట్టి, ఆ బల్ల కాడ చెయ్యి చాపి తీసుకున్నాను.

ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే.

అక్క

*

పలమనేరు,
నవంబరు

అక్కకు,

ఉత్తరం అందింది. అమ్మ బాగుండాది. ఆవు ఈనింది, పెయ్యదూడ. ఈడ చలి మొదలైంది. పని ఉండాది.

విజయ్ కుమార్

*

పుత్తూరు,
డిసెంబరు

విజయ్,

నీ ఉత్తరం పర్సులో పెట్టుకొని తిరుగుతున్నాను. తిట్లు రాసుంటే ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. పెయ్యదూడ అని రాసినావు.

సంబంధం వద్దని మునిరామయ్య మామ కబురు పంపినాడు. అది నీకు అమ్మ చెప్పే ఉంటుంది. అమ్మ చెప్పనిది ఇంకొకటి ఉంది. నువ్వు ఆ సీసాలు ఎక్కడో దొంగిలించి తెచ్చినావని ఇక్కడ అనుకున్నారు. తాగి వచ్చినావని కూడా. బస్సు దిగినప్పుడు తూలుతున్నాడని ఒకరు చూసినారట. అంత బరువు భుజం మీద ఉంటే ఎవరు తూలరు? ఈ మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. నేను స్కూలుకు పోయినాను, వచ్చినాను, వంట చేసినాను. ఆదివారం పిల్లలకు అబద్ధమాడరాదని పాఠం చెప్పినాను. నోరు మాత్రం విప్పలేదు. మీ బావ ఒకసారి అడిగినాడు, "నీ తమ్ముడు నిజంగా తాగుతాడా?" అని. "ఏమో" అన్నాను. ఏమో అన్నాను విజయ్.

పోయిన గురువారం స్త్రీల సమాజం మా ఇంట్లో జరిగింది. చివర్లో ప్రార్థన మనవులు చదువుతారు గదా. మా అత్త లేచి, "మా కోడలి తమ్ముడు విజయ్‌ని తాగుడు బంధకాల నుంచి విడిపించు ప్రభువా" అని మొదలుపెట్టింది. గొంతు వణుకుతా ఉంది. నటన కాదు, ఆమె నిజంగానే నీ కోసం ఏడ్చింది. చుట్టూ అందరూ ఆమెన్, ఆమెన్ అంటున్నారు. నా నోరు కూడా తెరుచుకుంది, ఆ మాట అనడానికి. అలవాటు కదా.

రాలేదు. లేచి నిలబడినాను.

"అత్తా, ఆపండి. వాడు తాగడు. ఎప్పుడూ తాగలేదు. వాడు పలమనేరు కాడ వైన్ కంపెనీలో మూతలేసే మిషను నడుపుతాడు. ఆ సీసాలు వాళ్ల ఓనరు మన మందిరానికి ఊరికే ఇచ్చింది. తెమ్మనింది నేను. జ్యూస్ ఫ్యాక్టరీ అని ఊరంతా చెప్పింది నేను. ఆ పొద్దు తెలీదని అబద్ధమాడింది నేను. వాడు నన్ను కాపాడి పోయినాడు" అన్నాను.

పాస్టరమ్మగారు ఫ్యాను వైపు చూస్తా కూర్చున్నారు. మా అత్త చేతులు అట్లే జోడించి ఉన్నాయి. చేతులు దించి "అయితే ఇంతసేపూ నేను ఎవరి కోసం ఏడ్చినా?" అని లోపలికి పోయింది. తెచ్చి పెట్టిన టీ ఎవరూ తాగలేదు.

సాయంత్రం మునిరామయ్య మామ వచ్చినాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వైన్ కంపెనీ అని ముందే చెప్పింటే నాకు కోపం వచ్చుండేది. పిల్లనిచ్చేవాణ్ణి కాదు. అంతటితో పోయుండేది" అన్నాడు. "నువ్వేం చేసినావమ్మా? ఏ తప్పూ లేని పిల్లోణ్ణి నా చేత అందరి ముందర బ్రాందీ షాపు అనిపించినావు. ఇప్పుడు వాడు ఎదురొస్తే నేను మొహం యాడ పెట్టుకునేది?"

ఆయన వాకిలి దాకా పోయి మళ్లా తిరిగినాడు. "సంబంధం మాత్రం కుదరదు. బిరడా అయితేనేం, రేకైతేనేం, లోపలుండేది అదే. మీ నాయనను మోసిన చేతులివి" అన్నాడు. అది ఆయన మాట. అందులో తప్పు పట్టడానికి నాకు నోరు లేదు.

సండేస్కూలు వేరే వాళ్లకిచ్చినారు. న్యాయమే. మా అత్త పొయ్యి కాడ నాతో మాట్లాడదు, కానీ ఎవరో ఇంటికొచ్చి "మీ కోడలి తమ్ముడు ఏం చేస్తాడు?" అని అడిగితే, "వైన్ కంపెనీలో మూతలేస్తాడు" అని గట్టిగా చెప్పింది. ఎత్తిపొడుపో, ఏమో. నేను అక్కడే కూరగాయలు తరుగుతున్నాను. తల దించుకోలేదు అని రాయాలని ఉంది. దించుకున్నాను. నీ పనికి కాదు. అంత చిన్న మాట చెప్పడానికి నాకు ఇన్నాళ్లు పట్టిందే అని.

క్షమించమని అడగడం లేదు. నీకు తెలియాలని రాసినాను.

అక్క

*

పలమనేరు,
ఫిబ్రవరి

అక్కా,

జవాబుకు ఆలస్యమైంది. ద్రాక్ష కోతలు, రాత్రీ పగలూ పని. అదొక్కటే కారణం కాదు.

నేను కూడా నీకు చెప్పనిది ఉండాది. ఆ పొద్దు పుత్తూరు బస్టాండులో పెట్టె పక్కన పెట్టుకోని కూర్చున్నాను. ఈడనే వదిలేసి పోదామా అనిపించింది. వదలలేకపోయినాను, మేడం ఇచ్చింది గదా. చిత్తూరు బస్సెక్కినాను. పక్కన ఒక పెద్దాయన. నా చొక్కా మీద బొమ్మ చూసి "యాడ పనిచేస్తావు నాయనా?" అని అడిగినాడు. నేను "జ్యూస్ ఫ్యాక్టరీలో" అన్నాను. ఎవురూ బలవంతం చెయ్యకుండానే, ఎవురూ భయపెట్టకుండానే, నా నోట్లో నుంచి అదే వచ్చింది. ఆయన "మంచి పని" అన్నాడు. దారంతా జేబు మీద చెయ్యి పెట్టుకోని బొమ్మ కనపడకుండా కూర్చున్నాను. నీ మీద వచ్చిన కోపం కంటే ఆ సిగ్గు నన్ను జాస్తి తినింది.

మర్నాడు మేడం "ఏమన్నారు విజయ్, బాగుందన్నారా?" అని అడిగింది. "చానా బాగుందన్నారు మేడం" అని చెప్పినాను. ఆమె అందరికీ చెప్పుకొనింది. బెంగళూరు నుంచి వచ్చినోళ్లకు కూడా. నేను మిషను కాడ తల వంచుకోని మూతలు చూస్తా ఉండేవాణ్ణి. పెట్టె మా మంచం కింద ఉన్నింది. అమ్మ ఏందిరా అది అంటే ఖాళీ సీసాలన్నాను. చూడక్కా, నువ్వొక అబద్ధం చెప్తే నేను ఎన్ని చెప్పినానో.

అందుకే నీకు పెయ్యదూడ అని రాసినాను. నిన్ను తిట్టే అర్హత నాకు లేకపోయింది.

నీ డిసెంబరు ఉత్తరం చదివినాక మేడం కాడికి పోయినాను. మందిరంలో వాటిని వద్దన్నారు, నేను మీకు అబద్ధం చెప్పినాను అన్నాను. ఆమె "మూత చూసి వద్దన్నారా, మనల్ని చూసి వద్దన్నారా?" అనింది. నాకు తెలీదన్నాను. "నాకూ తెలీదు. మా అమ్మ కూడా ఇప్పటికీ నేను తోట చూసుకుంటానని చుట్టాలకు చెప్తాది" అనింది. ఇంత పెద్ద కంపెనీ ఓనరమ్మ. పెట్టె తిరిగి ఇచ్చేసినాను.

జనవరిలో ఒక ఆదివారం సుజన వచ్చింది. ముందు చెప్పలే. తిరుపతి ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కి వచ్చినట్టుండాది, కండ్లు ఎర్రగా ఉండాయి. అమ్మ కాఫీ పెట్టిచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకోని తాగకుండా కూర్చొని, "ఆ పొద్దు నేను వాకిట్లోనే ఉండాను. మీరు అబద్ధమాడలేదని మీ మొహం చూస్తానే తెలిసింది. మా నాయన మాటకు అడ్డం పోలేక పళ్లెం పట్టుకోని నిలబడిపోయినాను. అది చెప్పి పోదామని వచ్చినా" అనింది.

నేను పర్వాలేదు అన్నాను.

"పర్వాలేదు అనొద్దు" అనింది. మళ్లా, "మీ పని నాకు ఇష్టం లేదు. లివరు చెడినోళ్లను వార్డులో రోజూ చూస్తాను. వాళ్లు ఏ మూత తిప్పినారో నేను అడగను" అనింది.

"మానెయ్యల్లా?" అని అడిగినాను.

"మానమని నేను చెప్పలే. మానితే మీరుగా మానల్ల. ఉండినన్నాళ్లూ ఇది చేస్తా ఉండానని చెప్పల్ల. నాకు అది చాలు."

అమ్మ వాకిట్లో ఆవుకు గడ్డి వేస్తా వింటా ఉన్నింది. లోపలికొచ్చి "కాఫీ చల్లారిపోయింది, మళ్లా పెడతా" అని సుజన చేతిలో గ్లాసు తీసుకొనింది. నాయన పోయినాక అమ్మ అట్లా నవ్వడం నేను చూడలే.

ఇద్దరమూ పెండ్లి చేసుకుందామని అనుకున్నాము. మునిరామయ్య మామ ఒప్పుకోలేదు. మందిరంలో జరగనియ్యనన్నాడు. సుజన ఆయనతో పోట్లాడలేదు, ఏడవలేదు, తేదీ చెప్పి వచ్చింది. ఆయన "నేను రాను" అన్నాడంట. కాసేపటికి "ఎన్ని గంటలకు?" అని అడిగినాడంట. వస్తాడో రాడో.

అక్కా, నీ మీద నాకు కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది ఇంకొక అబద్ధం అవుతాది. నువ్వు ఆ పొద్దు నవ్వింది నేను చూసినాను. అది ఇప్పుడూ అప్పుడప్పుడూ మిషను కాడ గుర్తొస్తాది. గుర్తొచ్చినప్పుడు, ఆ ఆడోళ్ల మధ్యలో నువ్వు లేచి నిలబడింది కూడా గుర్తు చేసుకుంటాను. రెండూ నువ్వే.

వచ్చే నెల రెండో శుక్రవారం చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసులో మా పెండ్లి. నా తరఫున పెద్దగా ఒకరు సాక్షి సంతకం పెట్టల్ల. నీ పేరు ఇచ్చినాను. సుజన వాళ్ల వాళ్లు చానామంది ఉంటారు. పెండ్లికొడుకు నీకు ఏమవుతాడు, ఏం పని చేస్తాడు అని ఎవురో ఒకరు అడగకుండా ఉండరు.

కంపెనీ చొక్కా వేసుకోను, పట్టుపంచె తెచ్చింది అమ్మ. జవాబు మాత్రం నువ్వే చెప్పు. అందరికీ వినపడేట్టు.

నీ తమ్ముడు
విజయ్